గడ్డి మీద గాలి

జూన్ 3, సోమవారం

నేను ప్రేమలో లేను. ఇంట్లో చెప్తే ఎవరూ నమ్మడంలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. ప్రేమలో లేను, ప్రేమ చెడిపోయి కుమిలిపోవడమూ లేదు. హెడ్‌ఫోన్ తగిలించుకుని, కళ్ళు మూసుకుని, మంచం మీద వెల్లకిలా పడుకుంటున్నాను, అంతే. పెళ్ళి కాని ఆడపిల్ల ఈ మూడూ ఒకేసారి చేస్తే మా పిన్ని లెక్కలో దానికి ఒకటే అర్థం.

నిన్న పిన్ని వచ్చింది. చెప్పులు పూర్తిగా విప్పకుండానే మొదలుపెట్టింది.

"దాని మొహం చూడక్కా. తనలో తనే నవ్వుకుంటోంది. అవతల ఎవడో ఉన్నాడు."

"అవతల ఎవరూ లేరు పిన్నీ. గాలి."

"గాలా?"

"పొడుగ్గా పెరిగిన గడ్డి మీద గాలి వీస్తుంది కదా, ఆ చప్పుడు. ఎవరో రికార్డు చేసి పెట్టారు. వింటే మనసు కుదుటపడుతుంది."

పిన్ని అమ్మ వైపు చూసింది. అమ్మ పిన్ని వైపు చూసింది. పుట్టింటి నుంచి వాళ్ళిద్దరూ సమానంగా పంచుకున్న ఆస్తి ఆ చూపు ఒక్కటే.

"కథ ఎంత బాగా కట్టిందో," అంది పిన్ని.

అప్పుడే నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. విషయమంతా విని, పెద్దమనిషి తీర్పుకి కూర్చున్నట్టు నా పక్కన కూర్చుని, "ఏదీ, ఇటివ్వు," అని హెడ్‌ఫోన్ తీసుకుని పెట్టుకున్నాడు. బస్సు ఇంజన్ వినేటప్పుడు మూసినట్టే కళ్ళు మూశాడు. చాలాసేపు విన్నాడు. మేం ముగ్గురం ఆయన మొహం చూస్తూ కూర్చున్నాం. తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, నా ఒళ్ళో పెట్టాడు.

"ఇందులో ఏమీ లేదే."

"ఉంది నాన్నా. సరిగ్గా విను."

మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"ఏమీ రావట్లేదురా. ఖాళీ."

పిన్ని మొహం వాడిపోయింది. ప్రేమైతే సంబంధం చూసి కుదర్చొచ్చు. "మరి ఖాళీ దాన్ని తగిలించుకుని నవ్వుతోందా ఇది?" అంది అమ్మతో, గొంతు తగ్గించి, నాకు బాగా వినపడేలా.

ఒక్క సాయంత్రంలో ప్రేమికురాలి నుంచి పిచ్చిదానికి ప్రమోషన్. పడుకోబోయే ముందు అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసింది. డిగ్రీ చదివాను, ఉద్యోగం చేస్తున్నాను, నాకంటూ ఒక సొంత సరదా ఉండకూడదా?

జూన్ 4, మంగళవారం

హెడ్‌ఫోన్ చూశాను. రెండు వైపులా బాగానే వస్తోంది. ఆ కాసేపు వైరు వదులై ఉంటుంది.

జూన్ 7, శుక్రవారం

నాకు కుదురు లేదన్నది నిజమే. సినిమా హాల్లో కూడా మధ్యలో లేచి ఒకసారి బయట తిరిగి వస్తాను. పుస్తకం చివరి పేజీ ముందు చదువుతాను. ఇలాంటిదాన్ని తీసుకెళ్ళి చెవుల క్లినిక్‌లో పెట్టారు, రోజంతా ఒక కుర్చీలో కూర్చుని సన్నటి కూతలు పంపడానికి. లోపల గదిలో పేషెంటు. ఆ గది తలుపు బ్యాంకు లాకరు తలుపంత మందం. మధ్యలో అద్దం కిటికీ, ఇవతల నేను. నేను కూత పంపుతాను, వినపడితే ఆయన బటన్ నొక్కుతాడు. వినపడకపోతే నొక్కడు. నా ఉద్యోగం ఇంతే. చెవిలో లైటు వేసి చూడడం, చివర్లో సంతకం చేయడం మా డాక్టరు మేడమ్ పని.

చెవిలో హోరు పోనివాళ్ళు కూడా వస్తారు. ఆ హోరుకి మందు లేదు, తోడుగా ఒక మెత్తటి చప్పుడు పెడితే మనసు దాన్ని మర్చిపోతుంది. మేడమ్ దగ్గర అలాంటి రికార్డింగులు బోలెడు. వాన, అలలు, వాగు. "అన్నీ విని, బాగున్నవి వేరుచెయ్యి," అన్నారు ఆవిడ చలికాలంలో. వాన విన్నాను, బట్టలు ఆరేశానేమో అనిపించింది. అలలు విన్నాను, విసుగొచ్చింది. గడ్డి దగ్గరికి వచ్చేసరికి వేరుచేయడం మర్చిపోయాను.

ముందు ఏమీ ఉండదు. తర్వాత ఎక్కడో దూరంగా ఒక అంచు కదులుతుంది. ఒక దుబ్బు పక్క దుబ్బుకి చెప్పుకుంటూ వచ్చినట్టు, ఎండు పరకలు రాసుకుంటూ, సన్నగా, సన్నగా, నా దాకా వచ్చి నా మీదుగా వెళ్ళిపోతుంది. తర్వాత కొంత ఖాళీ. ఆ ఖాళీలో నా కాలు ఊగడం ఆగిపోతుంది. పుట్టాక మొదటిసారి నా కాలు దానంతటది ఆగింది అక్కడే.

ఎవరు రికార్డు చేశారో పేరు లేదు. గంటసేపు మైకు పట్టుకుని దగ్గకుండా, కాలు మార్చకుండా నిలబడి ఉంటారు. నా వల్ల కాదు. మధ్యలో ఒకచోట మాత్రం ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఉంది. పాపం జలుబేమో. నాకు అన్నిటికంటే అదే ఇష్టం.

జూన్ 9, ఆదివారం

మధ్యాహ్నం అమ్మ గదిలోకి వచ్చింది. తలుపు దగ్గర కాసేపు నిలబడి, మంచం అంచున కూర్చుని, "నిజం చెప్పు, ఏం వింటావు?" అంది. చెప్పకుండా హెడ్‌ఫోన్ తీసి ఆవిడకే పెట్టాను.

"గాలేగా," అంది.

"నేను చెప్పింది అదే కదా."

"బాగుందే. ఎండాకాలం డాబా మీద పడుకున్నట్టుంది." పక్కకి ఒరిగింది. "మీ నాన్న ఏమీ లేదన్నాడేంటి మరి?" అంటూనే నిద్రపోయింది, నోరు కొంచెం తెరుచుకుని. సాయంత్రం దాకా లేవలేదు. స్టవ్ మీద పాలు పొంగితే నేనే వెళ్ళి దించాను.

నాన్నకి ఓపిక లేదు, అదీ సంగతి. ఒక్క నిమిషం నిలకడగా విని ఉంటే తెలిసేది.

జూన్ 10, సోమవారం

టీవీ సౌండు పెంచాడని నాన్నకీ అమ్మకీ గొడవ. అందరి నాన్నలూ పెంచుతారు.

జూన్ 13, గురువారం

క్లినిక్ నుంచి సాయంత్రం ఆరింటికి బయటపడితే, నాన్న డ్యూటీ కుదిరిన రోజు, ఎదురుగా బస్టాపులో నిలబడి ఉంటాడు. నేనొక్కదాన్నే ఇంటికి రాలేనని కాదు. "ఊరికే, అటుగా వచ్చాను," అంటాడు. డిపోకీ క్లినిక్‌కీ పొంతన లేదు, అటుగా రావాలంటే ఊరంతా తిరిగి రావాలి. నేనూ "అలాగా," అంటాను. ఇద్దరం నడుస్తాం. నేను మాట్లాడుతుంటే నా మొహం వైపే చూస్తూ నడుస్తాడు, ఎదురు మనుషుల్ని ఢీకొంటూ. నా మాట ఇంత శ్రద్ధగా వినే మనిషి ఇంకొకరు లేరని నేను ఎప్పుడూ మురిసిపోతాను.

ఇవాళ మేడమ్ చెప్పారు, బస్సు డ్రైవర్లకి ఏడాదికోసారి చేసే చెవి పరీక్షలు ఈసారి మన దగ్గరే అని. ఇరవై నాలుగు నుంచి. ఇదివరకు డిపోలోనే ఒక డాక్టరు వచ్చి, వెనక నిలబడి పేరు పిలిచి, పలికితే సంతకం పెట్టి వెళ్ళిపోయేవాడట. ఇక నుంచి కూత పరీక్ష, తప్పితే సీటు దిగాల్సిందే.

ఇంటికొచ్చి చెప్పాను. నాన్న తాగుతున్న గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"మీ క్లినిక్కా?"

"ఆ. మొదటి రోజే మీ డిపో."

"అయితే ఇంకేం. ఇంట్లో మనిషే," అని మళ్ళీ గ్లాసు ఎత్తాడు. నీళ్ళు అయిపోయాయి అందులో. అయినా తాగాడు.

జూన్ 15, శనివారం

ఒంటిపూట సెలవు. సరదాగా నాన్న బస్సెక్కాను, వెనక తలుపు నుంచి. ఆయన చూడలేదు. కండక్టర్ మావయ్య మాత్రం చూసి కనుబొమలెగరేశాడు. ఏళ్ళ తరబడి ఇద్దరిదీ ఒకే బస్సు. నన్ను స్కూలు సంచీతో ఎక్కించుకున్న మనిషి.

మార్కెట్ స్టాపులో ఒక ముసలావిడ సంచీతో దిగుతోంది. ఒక కాలు మెట్టు మీద, రెండోది గాల్లో. మావయ్య ఆపమని విజిల్ ఊదాడు, పొడుగ్గా. బస్సు కదిలింది. మళ్ళీ ఊదాడు. నాకు చెవులు గింగిరుమన్నాయి. బస్సు వెళ్తూనే ఉంది. పక్కనున్న కుర్రాడు ఆవిడ జబ్బ పట్టుకుని లోపలికి లాగాడు. మావయ్య మనుషుల్ని తోసుకుంటూ ముందుకి పరిగెత్తి, డ్రైవరు సీటు వెనక రేకు మీద అరచేత్తో ధన్‌మని కొట్టాడు. అప్పుడు ఆగింది.

"కళ్ళు నెత్తికెక్కాయా," అని ముసలావిడ బస్సులో ఉన్నవాళ్ళందర్నీ కలిపి తిట్టింది. నాన్న వెనక్కి తిరిగి "ఏమైంది?" అన్నాడు. నిజంగానే అడిగాడు. ఆయనకి నిజంగానే తెలీదు.

అక్కడి నుంచి చివరి స్టాపు దాకా మావయ్య విజిల్ ముట్టుకోలేదు. నాన్న వెనకే నిలబడి రేకు కొడుతూ వచ్చాడు. ఆపడానికి ఒకటి, పోవడానికి రెండు. అలవాటైన చెయ్యి అది, చూస్తే తెలుస్తోంది.

చివర్లో నాన్న మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు అడిగాను. "ఎన్నాళ్ళనుంచి మావయ్యా?"

"ఏది?"

"రేకు కొట్టడం."

"ఓ, అదా. ఈ విజిల్ సరిగ్గా పలకట్లేదమ్మా." జేబులోంచి తీసి చూపించాడు. తళతళలాడుతోంది, కొత్తది.

"మావయ్యా."

"నువ్వు చెవుల డాక్టరు దగ్గర కదూ పనిచేసేది?"

"అవును."

"అయితే నన్నేమీ అడక్కు తల్లీ."

వయసు పైబడేకొద్దీ సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయి. మాట వినపడుతుంది, మాట అంచులు వినపడవు. మనిషి మొహం చూసి మిగతాది పూడ్చుకుంటాడు. విజిల్ పోతుంది. గడ్డి పోతుంది. రోజూ కనీసం ఒకరికైనా నేను చెప్పే పాఠం ఇది, వాళ్ళ పిల్లల ముందు, చిరునవ్వుతో.

జూన్ 16, ఆదివారం

హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు. పెట్టుకుంటే నాన్న కనపడుతున్నాడు, కళ్ళు మూసుకుని, ఏదో ఉందని కూతురు చెప్పింది కదా అని, ఖాళీని అంతసేపు వింటూ.

జూన్ 18, మంగళవారం

మేడమ్ త్వరగా వెళ్ళిపోయారు. నాన్న ఎదురుగా బస్టాపులో నిలబడి ఉంటే పిలుచుకొచ్చాను. "లోపల ఏసీ ఉంది, కూర్చో. నా పని ఇంకా అవలేదు."

కూర్చున్నాడు. పేషెంటు గదిలోకి తీసుకెళ్ళి బటన్ చేతికిచ్చి, "ఊరికే, సరదాకి," అన్నాను. "సరదాకే కదా," అన్నాడు.

అన్నిటికీ నొక్కాడు. పదహారేళ్ళ పిల్లకి మాత్రమే వినపడేవాటికి కూడా నొక్కాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎందుకంటే అద్దంలోంచి ఆయన చూస్తున్నది నన్ను. కూత పంపేటప్పుడు నా మొహం ఏం చేస్తుందో నాకు తెలీదు, ఆయనకి తెలుసు. నేను పుట్టినప్పటి నుంచి ఆయన చదువుతున్న పుస్తకం కదా. కుర్చీ తిప్పి వీపు పెట్టి కూర్చున్నాను. కింది స్వరాలకి నొక్కాడు. పైకి వెళ్ళేకొద్దీ ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే బటన్ పట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా, నా వీపుకేసి చూస్తున్నాడు.

పేషెంట్లకి చూపించడానికి ఉంచిన చెవిమిషను తెచ్చి పెట్టాను. స్పీకర్లో గడ్డి పెట్టాను.

తల కొంచెం వంచాడు. కనుబొమలు ముడిచాడు.

"ఎవరో ఊడుస్తున్నారు."

"కాదు నాన్నా. అదే."

"ఇదా?" ఇంకాసేపు విన్నాడు. "దీనికోసమా నువ్వు అలా పడుకుని నవ్వుకునేది? దీనికి మీ పిన్ని సంబంధాలు వెతుకుతోందా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశాడు.

"నీ గొంతు ఇంత సన్నమా?" అన్నాడు.

చొక్కా చెయ్యి రుద్ది విన్నాడు. గోడ గడియారం కేసి చూశాడు. తర్వాత మిషను నెమ్మదిగా తీసి, నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూశాడు.

"ఇది పెట్టుకుని బండి నడపనివ్వరు కదా."

"నడపనివ్వరు. డిపోలోనే వేరే పని ఇస్తారు. డ్యూటీలు వెయ్యడం, కొత్తవాళ్ళకి నేర్పడం."

"బల్ల పని." బల్ల అన్నప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. "సోమవారం కిటికీ దగ్గర నువ్వే కూర్చుంటావుగా?"

"నేనే."

"అయితే నువ్వు ఎప్పట్లాగే కూర్చో. నువ్వేం అబద్ధం చెప్పక్కర్లేదు, ఏం రాయక్కర్లేదు. వెనక్కి తిరక్కుండా కూర్చో, చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

ఇంటిదాకా నడిచాం. నేనేమీ మాట్లాడలేదు. అయినా ఆయన నా మొహం వైపే చూస్తూ నడిచాడు.

జూన్ 20, గురువారం

అమ్మకి తెలుసు. ఎప్పటి నుంచి అంటే చెప్పలేకపోయింది. వంటింట్లోంచి పిలిచేది, మానేసి ఎదురుగా వెళ్ళి చెప్పడం మొదలుపెట్టింది, అది ఎప్పుడు మొదలైందో ఆవిడకే గుర్తులేదు.

"తిరక్కుండా కూర్చోవడం కూడా కష్టమా నీకు?" అంది, కడిగిన గిన్నెలు తుడుస్తూ.

"అమ్మా, నేను బస్సులో ఉన్నాను ఆరోజు."

"మీ మావయ్య ఉన్నాడుగా వెనక."

"మావయ్య సెలవు పెడితే?"

గిన్నె తుడిచిందే తుడిచింది. "సీటు దిగితే ఆయన మనిషి మనిషిలా ఉండడే. సెలవు రోజు ఎలా ఉంటాడో చూస్తావు కదా. అరుగు మీద కూర్చుని వచ్చే పోయే బస్సులకి వంకలు పెడతాడు."

ఇంతలో పిన్ని ఫోను. ఒక మంచి అబ్బాయి ఉన్నాడట, నెమ్మదస్తుడట, వాడికీ పాటలు వినే అలవాటు ఉందట. "నెమ్మదస్తుడైతే నా దగ్గరెందుకు, పాడైపోతాడు," అన్నాను. అమ్మ నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. ఆవిడ ఏడుస్తోందని అప్పటిదాకా చూసుకోలేదు నేను.

జూన్ 21, శుక్రవారం

తిరక్కుండా కూర్చుంటాను. ఏమవుతుంది. నేనేం తప్పు రాయడంలేదు కదా. ఆయన నొక్కుతాడు, నేను కాగితం మీద గీత గీస్తాను. ఇంకొక్క ఏడాది. మావయ్య చెయ్యి ఉంది. రేకు ఉంది.

జూన్ 22, శనివారం

సాయంత్రం వచ్చేసరికి నా గదిలో, కిటికీ అంచున, గాజు సీసాలో గడ్డి. నిజం గడ్డి. నా మోచెయ్యంత పొడుగు, చివర్లు వెండిరంగు. చివరి స్టాపు అవతల పొలం గట్టున కోశాడట. వేళ్ళన్నీ గీరుకుపోయాయి. నా కోసం ఫ్యాను దాని వైపు తిప్పి పెట్టాడు.

"ఇదేనా నీ గడ్డి? వేసుకో ఫ్యాను. రికార్డు ఎందుకు, ఖర్చు."

"వినపడుతోందా నీకు?"

"లేదనుకో. ఊగుతోంది కదా, తెలుస్తుంది."

నా మొహం చూశాడు, నచ్చిందో లేదో అని. నచ్చింది. గీరుకున్న వేళ్ళు వెనక్కి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇది లంచమా, ప్రేమా? చాలాసేపు ఆలోచించాను. నాన్న దగ్గర ఆ రెండూ ఎప్పుడూ విడివిడిగా లేవు. చిన్నప్పుడు జ్వరం మాత్ర మింగితే ముందు సీట్లో కూర్చోబెట్టి ఊరు తిప్పేవాడు, అది కూడా రెండూ కలిసిందే.

ఫ్యాను కింద గడ్డి ఆగకుండా ఊగుతూనే ఉంది. గాలి అలా వీయదు. వచ్చి, వెళ్ళి, మధ్యలో ఆగాలి. లేచి ఫ్యాను ఆపేశాను. గడ్డి నిలబడింది. ఆ ముసలావిడ కాలు గాల్లో ఉండడమే కళ్ళ ముందు ఉంది. ఆవిడ తిట్టిన తిట్లలో ఒక్కటీ నాన్నకి వినపడలేదు. తిట్టు వినపడకపోతే నష్టం లేదు.

జూన్ 23, ఆదివారం

పొద్దున మేడమ్‌కి ఫోన్ చేశాను. మా నాన్నకి విజిల్ వినపడదని చెప్పాను. రేపు ఆయన పరీక్ష మీరే చెయ్యండి, కిటికీకి తెర వేసి, నేను బయట కూర్చుంటాను అన్నాను. ఆవిడ "నాన్నగారికి తెలుసా?" అన్నారు. ఇప్పుడు చెప్తాను అన్నాను.

నాన్న అరుగు మీద ఉన్నాడు, పేపరు చదువుతూ. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను, నా మొహం బాగా కనపడేలా.

"రేపు కిటికీ దగ్గర నేనుండను నాన్నా. మేడమ్‌కి చెప్పేశాను."

పేపరు దించాడు. "ఏంటీ?" అన్నాడు.

వినపడలేదో, వినపడిందో. ఆయన కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి, ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతూ. నేను మొహం తిప్పుకోలేదు, గొంతు పెంచి, ఒక్కొక్క మాటా విడగొట్టి రెండోసారి చెప్పాను.

"రేపటితో నువ్వు బస్సు దిగిపోతావు నాన్నా. నేనే చెప్పాను."